రికార్డుకెక్కిన పాలెగాడు

మా విన్నిపెగ్ తెలుగువాళ్ళ సావనీర్‌లో ‘మీ ఉద్యోగ విజయాలు’ అన్న శీర్షిక కింద ఏదైనా రాసిమ్మని కమిటీ పిల్లలు అడిగారు. పిల్లలంటే నలభై దాటినవాళ్ళే, నాకు పిల్లలు. ఇమ్మిగ్రేషన్ హియరింగుల్లో పదిహేడేళ్ళు తెలుగు ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేసినదాన్ని కదా, వెతికితే ఒక్క విజయమైనా తగలకపోతుందా అని రెండు రోజులు ఆలోచించాను. తగల్లేదు. ఇంటర్‌ప్రెటర్ బాగా పనిచేసిన రోజున ఆమె గదిలో ఉన్నట్టే ఎవరికీ గుర్తుండదు, చివరికి ఆమెక్కూడా. గుర్తుండేవి తప్పులే. అందుకని విజయాల శీర్షిక కింద నా తప్పొకటి రాసిస్తున్నాను. కమిటీకి నచ్చకపోతే ఆ పేజీలో నగల దుకాణం ప్రకటన వేసుకోవచ్చు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం ఇంకో మాట. హియరింగ్ గదిలో విన్నది బయట చెప్పనని మేం ప్రమాణం చేస్తాం. నేనూ చేశాను. ఇక్కడ రాస్తున్నది ఎవరి కథో ఆమెను అడిగి, ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఆమె ఎక్కడ దొరికిందో చివర్లో చెబుతాను.

ఇక్కడికి రాకముందు నేను కృష్ణా డెల్టాలో ఒక మిషన్ హైస్కూల్లో తెలుగు పండితురాలిని. విన్నిపెగ్ వచ్చాక మొదటి నాలుగేళ్ళు ఒక హాస్పిటల్ లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టాను. దుప్పట్లకు సంధులు, సమాసాలు అక్కర్లేదు. ఆ తర్వాత ఇంటర్‌ప్రెటర్ పరీక్ష రాసి నెగ్గితే, చదువుకున్న చదువుకు మళ్ళీ విలువ దొరికిందని పొంగిపోయాను. అప్పట్లో ఊళ్ళో తెలుగుకి నేనొక్కదాన్నే. పిలుపు వచ్చినప్పుడల్లా, విన్నిపెగ్‌లో తెలుగు భాష బాధ్యతంతా నా నెత్తినే ఉన్నట్టు ముస్తాబై వెళ్ళేదాన్ని. మా ఆయన వెనకనుంచి, “కాస్త పక్కకి జరుగు, భాషాదేవి దారిలో నిలబడింది, కారు తియ్యాలి,” అనేవారు.

పని నేర్పింది ఒక పంజాబీ పెద్దాయన. మాకందరికీ సీనియర్. నియమాలు మూడే చెప్పారు. ఎదుటి మనిషి ‘నేను’ అంటే నువ్వూ ‘నేను’ అనాలి. నీ గురించి నువ్వు చెప్పుకోవాల్సివస్తే ‘ఇంటర్‌ప్రెటర్’ అనాలి, నువ్వు ఎవరో మూడో మనిషివైనట్టు. మూడోది, తెలియని మాట వస్తే ఆపి అడగాలి. మొదటి రెండూ ఆ రోజే వంటబట్టాయి. మూడోదాని అవసరం నాకు రాదనుకున్నాను. తెలుగులో నాకు తెలియని మాటేముంటుంది?

ఇక ఆ రోజు సంగతి.

ఆశ్రయం కోరిన మనిషి రాయలసీమ పల్లెటూరి ఆడమనిషి. నలభై ఏళ్ళ లోపే. భర్త పోయాడు. చెల్లెలిని చూడడానికి విజిటర్‌గా ఇక్కడికి వచ్చింది. వెనక్కి పోతే చంపేస్తారని, ఉండనివ్వమని అప్లై చేసింది. చెల్లెలి కొడుకు పార్కా, అదే మంచుకోటు, వేసుకొచ్చింది, దాని చేతులు ఆమె వేళ్ళు దాటి వేలాడుతున్నాయి. ఇంగ్లీషు ముక్క రాదు. ఆమె మాట నమ్మితే ఇక్కడ ఉంటుంది, నమ్మకపోతే విమానమెక్కించి ఆ ఊరికే పంపిస్తారు. ఆ రోజు తేలాల్సింది అదొక్కటే. ఆ మాట నిర్ణయించే అధికారి చెవికి చేరేది నా నోట్లోంచే.

నిర్ణయం చెప్పే అధికారిని మెంబర్ అంటారు. ఆయన నెమ్మదైన మనిషి, ప్రతి జవాబూ పెన్నుతో రాసుకునేవాడు. ఆమె తరఫు లాయరు చిన్నపిల్ల. మన తెలుగు అమ్మాయే కానీ ఇక్కడే పుట్టింది. తెలుగులో ‘అమ్మ’, ‘చాలు’, ‘కారం’ దాకా వచ్చు. ఆశ్రయం కోరినామె ముందుగా రాసిచ్చిన వాంగ్మూలం మెంబర్ దగ్గరా లాయర్ దగ్గరా ఉంది. దాన్ని ఇంకో ఊళ్ళో ఎవరో ఇంగ్లీషులోకి మార్చారు. ఆ కాగితాలు ఇంటర్‌ప్రెటర్‌కు చూపించరు.

మెంబర్ మొదట కుటుంబం గురించి అడిగాడు. మీ నాన్నగారు ఏం చేసేవారు?

“మా నాయన ఆయప్ప వాళ్ళింట్లోనే జీతముండె సార్.”

ఆయప్ప అంటే వాళ్ళ వైపు ‘ఆయన’. “మా నాన్న వాళ్ళ దగ్గర జీతానికి పనిచేసే ఉద్యోగి,” అని ఇంగ్లీషులో చెప్పాను. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

మిమ్మల్ని బెదిరించే ఈ మనిషి ఎవరు?

“ఆయప్ప మా తావున పాలెగాడు సార్.”

ఇక్కడ నా సంగతి కొంత చెప్పాలి. మా నాన్న పాలేరు. ఒకే ఆసామి ఇంట్లో ఇరవై రెండేళ్ళు గేదెలు కాసి, చేలు దున్ని, వాళ్ళ పిల్లల్ని భుజాల మీద బడికి మోశాడు. ఆ ఇంట్లో ఆయన పేరు ఎవరికీ అక్కర్లేదు. పాలేరులో ‘రు’ మింగేసి ‘ఒరే పాలేగా’ అని పిలిచేవారు. నా ముందే పిలిచేవారు. ఆసామి మనవడు నా కంటే చిన్నవాడు, వాడూ అలాగే పిలిచేవాడు. నేను టీచర్ ట్రైనింగ్ పూర్తిచేసిన ఏడు కూడా ఆయన పాలేగాడే.

అందుకని ఆమె నోట్లోంచి ఆ మాట రాగానే నాకు అర్థం వెతుక్కోవాల్సిన అవసరం రాలేదు. ఒళ్ళు మండింది. ‘మా ఊళ్ళో పొలం పనికున్న నౌకరు’ అని ఇంగ్లీషులో చెప్పేశాను.

మెంబర్ పెన్ను ఆగింది. కాగితాలు వెనక్కి తిప్పాడు. మీ వాంగ్మూలంలో ఆయన చాలా బలవంతుడు, చుట్టూ మనుషులున్నవాడు అని ఉంది, ఇప్పుడు నౌకరు అంటున్నారు, ఆయన నిజంగా నౌకరేనా అని అడిగాడు.

నేను తెలుగులో అడిగాను. “అతను నిజంగా పాలేగాడేనా అని అడుగుతున్నారు.”

“అవును సార్, పాలెగాడే. వాళ్ళ నాయనా పాలెగాడే. వాళ్ళ తాత ముత్తాతలూ పాలెగాండ్లే.”

నౌకరే, వాళ్ళ నాన్నా నౌకరే, తరతరాలుగా నౌకర్లే అని చెప్పాను.

“మరి ఊరంతా ఆ నౌకరుకు భయపడతారా?”

“ఊరంతా పాలేగాడికి భయపడతారా అంటున్నారు.”

“పాలెగానికి భయపడకుండా ఎవురుంటారు సార్?” అని, ఈ మాత్రం తెలియదా అన్నట్టు నావైపు చూసింది.

నౌకరంటే భయపడనివాళ్ళు ఎవరుంటారని ఇంగ్లీషులో చెప్పాను. మెంబర్ కనుబొమలు పైకి వెళ్ళాయి. లాయరమ్మాయి తన క్లయింటు కథ మారుస్తోందేమోనన్న గాభరాతో కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పుతోంది. నేను మాత్రం లోపల కుతకుతలాడుతున్నాను. జీతం తెచ్చుకునే తండ్రి, పైగా పొలంలో చాకిరీ చేసేవాడు ఎదురుతిరిగితే కెనడా దాకా పరిగెత్తుకొచ్చిన మహాతల్లి. వాడు ఏం అడిగాడో పాపం, పాత బాకీ కూలి అడిగుంటాడు. ఇలా నా మనసులో నేను ఆ పాలేగాడి తరఫున వాదిస్తున్నాను. గొంతు మారనివ్వలేదు. ఆ క్షణంలో నేను పక్షపాతం లేని ఇంటర్‌ప్రెటర్‌నని పూర్తిగా నమ్మాను.

ఆమె చెప్పుకుపోయింది. తన మూడెకరాలు వదిలెయ్యమన్నాడు. బోరు మోటారు కాల్పించాడు. అన్న కాలు విరగ్గొట్టించాడు. పోలీస్ స్టేషన్‌కు పోతే ఎస్సై అక్కడినుంచే ఆయప్పకు ఫోన్ చేసి, మీ మనిషొకామె వచ్చింది, ఏం చెయ్యమంటారని అడిగాడు. మా తావున చెప్పులేసుకొని ఆయప్ప వాళ్ళ బురుజు ముందర నడవం సార్ అంది. నేను ప్రతి మాటా చెప్పాను. బురుజును కూడా ‘టవర్’ అని చెప్పి ముందుకు పోయాను. ఆ ఊళ్ళో నౌకరుకి టవర్ ఎందుకున్నట్టు అని నాకు తోచలేదు. ఏ సెల్ ఫోన్ టవరో అనుకున్నానేమో కూడా.

పన్నెండున్నరకు మెంబర్ లంచ్ విరామం ఇచ్చాడు. గంట తర్వాత లాయరు వాదన విని, ఈ పూటే నిర్ణయం చెబుతానన్నాడు. ఆయన గొంతు విన్న ఎవరికైనా ఆ నిర్ణయం ఏమిటో తెలిసిపోతుంది. నాకూ తెలిసింది. న్యాయమే జరుగుతోందనుకున్నాను.

డబ్బా తెరిచి పులిహోర ముందు పెట్టుకుని ఫోన్‌లో బైబిల్ తీశాను. ఆ ఆదివారం చర్చిలో తెలుగు ఆరాధనకు వాక్యం చదివే వంతు నాది, ముందుగా ఒకసారి చూసుకోవడం అలవాటు. ఎడారిలో జనం గుడారాలు వేసుకున్న భాగం వచ్చింది. వరసగా ‘పాళెము’, ‘పాళెము వెలుపల’, మళ్ళీ ‘పాళెము’. చిన్నప్పటినుంచి చదువుతున్న మాట. పాళెమంటే దండు విడిది చేసిన చోటు.

నా చేతిలో స్పూన్ ఆగిపోయింది. దండు దిగిన చోటు పాళెం. దాన్ని ఏలేవాడు?

మా స్కూల్లో సోషల్ మాస్టారు సెలవు పెడితే ఆ క్లాసు నా నెత్తిన పడేది. ‘పాళెగాండ్రు అనగానెవరు?’ అన్న రెండు మార్కుల ప్రశ్నకు జవాబు నేనే బోర్డు మీద రాయించేదాన్ని. రాజు తన రాజ్యం అంచుల్లో, అడవుల్లో, కొండదారుల్లో కాపలాకు పెట్టిన దొరలు. తమ మనుషులతో పాళెంలో ఉంటారు, యుద్ధం వస్తే రాజుకు దండును పంపుతారు, అందుకు బదులు చుట్టుపక్కల ఊళ్ళ మీద పెత్తనం వాళ్ళది. విజయనగరం కూలాక పైన అడిగేవాడు లేడు. ఎవరి పాళేనికి వాళ్ళే రాజులు. కంపెనీ దొరలు వచ్చి కోటలు పడగొట్టి, మిగిలినవాళ్ళకు పింఛన్లిచ్చి మూల కూర్చోబెట్టారు. అంతే, పాఠం అయిపోయింది. నా లెక్కలో పాళెగాండ్రు పుస్తకంలో బహువచనంలో మాత్రమే ఉంటారు. ఒక్కడు విడిపోయి, ళ కాస్తా ల అయిపోయి, ఒకామె బోరు మోటారు తగలబెడతాడని నాకెవరూ చెప్పలేదు. చెప్పింది. ఆమె పొద్దుటినుంచి అదే చెబుతోంది.

మా పంజాబీ పెద్దాయన అదే బల్ల దగ్గర రొట్టె తింటున్నారు. హియరింగ్ సంగతులు మాట్లాడకూడదు. అందుకని ఊరికే, “తప్పు చెప్పానని తెలిస్తే ఏం చెయ్యాలి?” అని అడిగాను.

“తప్పు ఆమెదా, నీదా?”

“నాదే.”

“గది బయట చెప్తే అది కబుర్లు. లోపల చెప్తే రికార్డు,” అన్నారు. “ముందు తిను. ఖాళీ కడుపుతో ఒప్పుకుంటే గొంతు వణుకుతుంది.”

నేను తినలేకపోయాను. నిజం చెబుతున్నాను, తప్పించుకునే దారులు చాలా తోచాయి. మధ్యాహ్నం నుంచి మెల్లగా ‘దొర’ అని మారిస్తే? లాయరు తనే అడిగితే? నా పేరు ఇంటర్‌ప్రెటర్ల ప్యానెల్ నుంచి తీసేస్తే మళ్ళీ దుప్పట్లేనా? ఇన్ని ఆలోచనల మధ్య ఒకటి మాత్రం నన్ను గట్టిగా పట్టుకుంది. నేను ఆ మాట తప్పు విన్నది తెలియక కాదు. మా నాన్నను ఆ మాటతో పిలిచిన రోజులే నా చెవిలో ఉన్నాయి, ఆమె గొంతుకు చోటే లేదు.

ఒంటిగంటన్నరకు అందరూ కూర్చోగానే, “ఇంటర్‌ప్రెటర్ ఒక విషయం చెప్పాలి,” అన్నాను. “ఇంటర్‌ప్రెటర్ పొద్దుట ఒక మాటను తప్పుగా అనువదించింది. ఆ మాట ఏడుసార్లు వచ్చింది. ఏడుసార్లూ తప్పే.”

గొంతు వణికింది. పెద్దాయన చెప్పినట్టు తినాల్సింది.

మెంబర్ పెన్ను కింద పెట్టాడు. సరైన అర్థం ఏమిటని అడిగాడు. నా తప్పు దిద్దుకునే ఉత్సాహంలో నాలోని పండితురాలు మళ్ళీ నిద్రలేచింది. సరిహద్దు ప్రాంతాల ప్రభువు అని చెప్పాను.

ఆయన గోడ మీది మ్యాప్ వైపు చూసి, మళ్ళీ కాగితాల్లోకి చూశాడు. “ఈమె ఊరు ఏ సరిహద్దుకూ దగ్గర లేదు. ఏ సరిహద్దు?”

విజయనగరం సరిహద్దు అని చెప్పబోయి ఆగాను. ఆ రాజ్యం పోయి నాలుగు వందల ఏళ్ళు దాటింది. అయినా ఊరుకోలేక పాళేలు, దండు, కంపెనీ, పింఛన్లు అంటూ మొదలుపెట్టాను. ఆయన మర్యాదగానే చెయ్యెత్తి ఆపాడు. “ఇంటర్‌ప్రెటర్ సాక్షి కాదు. ఆ మాటకు అర్థం ఆమెనే అడగండి.”

ఆమె వైపు తిరిగాను. “పాలెగాడంటే ఏమిటో సార్‌కు చెప్పమంటున్నారమ్మా.”

“అదేంది మేడం, మీకు తెల్దా?”

“నాకు తెలియలేదమ్మా. నువ్వే చెప్పు.”

నియమం ప్రకారం గదిలో ప్రతి మాటా అనువదించాలి. ఇంటర్‌ప్రెటర్‌కు తెలియదు అని ఇంగ్లీషులోకి నేనే మార్చి రికార్డు చేయించాను. పదిహేడేళ్ళలో నేను చేసిన అనువాదాల్లో తప్పు లేదని ఒట్టేసి చెప్పగలిగింది అదొక్కటే.

ఆమె పార్కా చేతులు పైకి లాక్కుని మెంబర్ వైపే చూసి చెప్పింది. “రాజు యాడనో దూరం ఉంటాడు సార్. పాలెగాడు ఈడ్నే ఉంటాడు. రాజుతో పనిపడేది ఎప్పుడో ఒకసారి. వీనితో దినామూ. పోలీసోళ్ళు, కోర్టు, కలెక్టరు, అందరూ రాజు కిందికే వస్తారు, దూరం. మేము వాని వాకిట్లో ఉండాము.”

చెప్పాను. ఒక్క మాట వదలకుండా, ఒక్క మాట కలపకుండా చెప్పాను. నేను బోర్డు మీద రాయించిన రెండు మార్కుల జవాబులో ఇందులో సగం కూడా లేదు.

మెంబర్ చాలాసేపు రాసుకున్నాడు. అక్కడినుంచి మళ్ళీ మొదటినుంచీ ప్రశ్నలు అడిగాడు, ఈసారి పోలీస్ స్టేషన్ గురించి, ఎస్సై ఫోన్ గురించి, ఇంకో ఊరికి పోయి ఉంటే వెతుక్కుంటూ వస్తాడా అన్నదాని గురించి. నిర్ణయం ఆ రోజు చెప్పలేదు, రాసి పంపిస్తానన్నాడు.

బయట లాయరమ్మాయి నా పక్కన నిలబడి కోటు వేసుకుంటూ ఇంగ్లీషులో అంది: “ఆంటీ, మా అమ్మది చిత్తూరు. అన్నయ్య సోఫాలోంచి లేవకుండా నీళ్ళు తెమ్మంటే, ‘పెద్ద పాలెగాడు బయల్దేరినాడు’ అని తిట్టేది. నౌకరు అయివుండడని నాకు అనుమానం వచ్చింది. కానీ మీరు తెలుగు టీచర్ అని విన్నాను.”

“అనుమానం వస్తే అడగాలమ్మా,” అన్నాను. ఆ సలహా ఇచ్చే అర్హత ఆ రోజు ఆ బిల్డింగులో అందరికంటే తక్కువ నాకే ఉందని తర్వాత తోచింది.

నా తప్పును నేనే రాసి ఆఫీసుకు పంపించాను. ప్యానెల్ నుంచి తీసెయ్యలేదు. పదజాలం మీద ఒక ఆన్‌లైన్ కోర్సు చెయ్యమన్నారు. అందులో ఉదాహరణలన్నీ ఫ్రెంచి మాటలే. నూటికి తొంభై ఆరు వచ్చాయి.

నిర్ణయాలు ఏమయ్యాయో మాకు ఎవరూ చెప్పరు, అడగకూడదు కూడా. రిటైరయ్యేదాకా నాకు తెలియలేదు. పోయిన చలికాలం ఇండియన్ గ్రాసరీలో గోంగూర కట్ట ఎంచుకుంటుంటే, “మేడం, మీరు కోర్టు మేడం గదా,” అని ఎవరో చెయ్యి పట్టుకున్నారు. పార్కా ఈసారి ఆమె సైజుదే. పేపర్లు వచ్చేశాయని, కేర్ హోమ్‌లో వంటపని చేస్తున్నానని చెప్పింది. అక్కడే, ఉల్లిపాయల బస్తాల పక్కన నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి.

“మీరు తప్పు చేసినానని అంతమందిలో చెప్పినారు గదా మేడం. మా తావున అట్ల ఎవురూ చెప్పరు,” అంది. ఈ సంగతి ఎక్కడైనా రాసుకోనా అని అడిగితే, రాసుకోండి మేడం అంది.

ఆమెకు నా సంజాయిషీ బాకీ ఉన్నట్టనిపించింది. “నేను ఆ మాట ఎందుకు తప్పు విన్నానో తెలుసా? మా నాన్న పాలేరు,” అన్నాను.

“పాలేరంటే ఏంది మేడం?”

చెప్పాను. ఆసామి ఇల్లు, గేదెలు, చాకిరీ, పేరు పెట్టి పిలవకపోవడం.

“అయ్యో, జీతగాడా,” అంది. “మా నాయనా అంతే గదా మేడం. ఆ పాలెగాని ఇంట్లోనే, పదేండ్లప్పటినుంచి. గవర్మెంటోళ్ళు మూడెకరాలు పట్టా ఇస్తే, జీతగానికి భూమేందని వానికి కడుపుమంట. అందుకే గదా ఇదంతా. ఆ పొద్దు మొదట్నే చెప్తిని, జీతముండె అని. మీరు సార్‌కు చెప్పినారు గదా?”

“చెప్పాను,” అన్నాను.

ఆమె గోంగూర నా సంచిలో కూడా ఒక కట్ట వేసి, బస్సు టైమయిందని వెళ్ళిపోయింది.

ఆ కేసు మూసేశారు. ఇప్పుడు నేను లేచి చెప్పడానికి గది లేదు, మెంబర్ లేడు. అందుకే కమిటీవారి ఈ పేజీలో చెబుతున్నాను. ఇంటర్‌ప్రెటర్ ఒక సవరణ చేస్తోంది. ఆ రోజు రికార్డులో నౌకరు అన్న ఏడు చోట్లా పాలెగాడు అని చదువుకోవాలి. ఉద్యోగి అన్న ఒక్క చోట, పాలేరు అని.